మొదటి సాలు

ఆ ఎండాకాలం కోటిరత్నమ్మకు ఇంగ్లండు దేశపు కబుర్లు తెలిసినంతగా పక్కవీధి కబుర్లు తెలియవని కోడలు సుశీల దెప్పుతూ ఉండేది. దెప్పదూ మరి! పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని ముసలావిడ అడిగే మొదటి మాట అదే.

"ఏమే దివ్యా, ఆ కంచెలు వేసినవాళ్ల సంగతి ఏమైందే? రాత్రి నిద్రొస్తోందని మధ్యలో ఆపేశావు."

"ఏమవుద్ది నాయనమ్మా, వాళ్లు పోయి రెండొందల ఏళ్లు దాటింది."

"పోయారా? అందరూనా?" అని కోటిరత్నమ్మ పుల్ల తీసి పక్కకు ఉమ్మి, నిన్న మొన్న చూసొచ్చిన మనుషులు పోయినట్టే కాసేపు బాధపడేది.

శ్రీదివ్య గుంటూరు ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ ఆఖరు ఏడు. పరీక్షల ముందు సెలవులిస్తే ఇంటికొచ్చింది. చదివేది ఇంగ్లీషు సాహిత్య చరిత్ర. అందులో ఏ కవి ఏ పద్యం రాశాడని అప్పజెబితే సరిపోదు. ఆ కాలంలో జనం ఎట్లా బతికారు, ఏం తిన్నారు, ఎవరి భూమి ఎవరి చేతిలోకి పోయింది, అవన్నీ కలిపి రాయాలి. వాళ్ల మేడం గట్టిమనిషి. "ఆ ఏడు పంటెట్లా ఉందో తెలుసుకోకుండా ఆ ఏడు పద్యం నాకు అప్పజెప్పొద్దు" అనేదట. ఆ ముక్క వినగానే కోటిరత్నమ్మకు ఆ మేడం అంటే చూడకుండానే గౌరవం కలిగింది.

పిల్ల చదివే పద్ధతి ఒకటుంది. ఒక పేజీ ఇంగ్లీషులో పైకి చదవడం, పుస్తకం మూసి అదంతా నాయనమ్మకు తెలుగులో చెప్పడం. నాయనమ్మకు అర్థమైతే తనకు వచ్చినట్టు, ఆవిడ మొహం అడ్డంగా తిప్పితే రానట్టు. కోటిరత్నమ్మ రెండో తరగతితో బడి మానేసిన మనిషి. సంతకం పెట్టగలదు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలదు. అంతకు మించి అక్షరంతో పని పడలేదు. కానీ కథ అయితే చాలు, మెదడులో మేకు కొట్టినట్టు నిలబడిపోయేది.

ఆ మధ్యాహ్నం కూడా వసారాలో గోనెపట్టా పరిచి, ముందు ఎండుమిరపకాయల కుప్ప పోసుకుని, ఎర్రవి ఒక పక్కకూ తాలుకాయలు ఒక పక్కకూ వేరుచేస్తోంది. తాలు అంటే ఎర్రదనం దిగక తెల్లబారిపోయిన కాయ. చూపుకు నీరసంగా ఉంటుంది గాని నాలుక మీద పెడితే ఎర్రకాయకేం తీసిపోదు. ఘాటుకు కొంగు ముక్కు చుట్టూ బిగించుకుంది. ఆ కొంగులోంచే ప్రశ్నలు వస్తున్నాయి.

"ఉన్నికి ధర వచ్చిందని కదా ముందు కంచెలు వేశారు?"

"అవును. గొర్రెల కోసం జనాన్ని వెళ్లగొట్టారు. తర్వాత ధాన్యానికి ధర వచ్చిందని మిగిలిన ఊరుమ్మడి బీళ్లకు కూడా కంచెలు పడ్డాయి. వంటచెరుకు ఏరుకునేవాళ్లు, ఆవును మేపుకునేవాళ్లు బయట పడ్డారు. కొందరు పట్నాల్లో మిల్లులకు పోయారు. అప్పుడే పల్లెటూళ్ల మీద బోలెడు పద్యాలు వచ్చాయి నాయనమ్మా. కోతలు కోసే ఆడవాళ్లు, పరిగె ఏరుకునే ఆడవాళ్లు, సాయంత్రం ఎండ..."

"పరిగె? అక్కడ కూడా ఏరుకుంటారా?"

"కోత అయ్యాక చేలో రాలిన గింజలు పేదవాళ్లు ఏరుకునేవాళ్లు. మన దగ్గర లాగే. మా గైడులో అయితే, పాడుకుంటూ సంతోషంగా ఏరుకునేవారు, కవి ప్రకృతిలోని అందాన్ని చూశాడు, అని ఉంది."

కోటిరత్నమ్మ చేతిలో కాయ అట్లాగే ఆగింది. "దివ్యా, ఒకటి చెప్పు. ఆ కవి చేలోకి దిగాడా, గట్టు మీదే నిలబడ్డాడా?"

"అదెక్కడుంటది నాయనమ్మా పుస్తకంలో!"

"నడుం వంచి పరిగె ఏరేది పాడుకుంటదా? ఊపిరే అందదు. గట్టుమీదే నిలబడ్డాడు, రాసుకో."

పిల్ల నవ్వుతుంటేనే గుమ్మం ముందు బండి ఆగింది. పేరయ్య తల తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోటిరత్నమ్మకు ఒక్కగానొక్క కొడుకు. పోయిన రెండేళ్లూ పత్తికి పురుగు పట్టి మనిషి సగమయ్యాడు. ఈ ఏడు మిరప నిలబెట్టింది గాని, ఆ భయం మాత్రం మొహంలోంచి పోలేదు.

"అమ్మా, ఈ ఏడు నీ చేలో పరిగె లేదు" అన్నాడు మంచినీళ్ల చెంబు అందుకుంటూ. "ఆఖరి కోత రేపటితో అయిపోద్ది. ఎల్లుండి నుంచి ఎవర్నీ దిగనివ్వబాకని పాలేరు యలమందకు చెప్పా. డొంకదారి వైపంతా ముళ్లకంప కొట్టిస్తున్నా."

"అదేందిరా? పరిగె లేకపోవడమేంది?"

"కారంమిల్లోళ్లు ఇప్పుడు తాలు కూడా కొంటన్నారు. చెట్టు మీద మిగిలింది, కింద రాలింది, ఏదైనా సరే గోతానికెత్తి తెమ్మంటన్నారు. పక్క ఊరి నుంచి కూలోళ్లని పెట్టి ఏరిస్తా. ఊరికే పోయేదానికి ధర వచ్చింది, వదులుకుంటామా?"

శ్రీదివ్య పుస్తకంలో వేలు పెట్టుకుని నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ కుప్ప వైపు చూసింది. ఎప్పుడూ లేనిది ఆ తాలుకాయలు ఆవిడ కళ్లకు వేరేగా కనబడ్డాయి.

*

మర్నాడు పొద్దున ఎలీసమ్మ వచ్చింది.

ఎలీసమ్మ ఊరి చివర పల్లెలో మనిషి. మిరపకోతల ముఠాకు ముందుండి నడిపించేది. ఆమె భర్త జక్రయ్య ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు బావులు పూడిక తీసేవాడు. ఆ ముఠాలో ఆడవాళ్లందరికీ ఏడాది కారం పరిగెలోంచే వచ్చేది. ఆఖరి కోత అయ్యాక చెట్లు పీకేలోపు చేలో దిగి, కొమ్మల అడుగున దాగిన కాయ, మట్టిలో రాలిన కాయ, తాలు, పుచ్చు, ఏది దొరికితే అది ఒడిలో వేసుకుని పోయేవాళ్లు. ఎండబెట్టి దంచుకుంటే రంగు రాదు గాని కారం వస్తుంది. ఎవరినీ అడిగేది లేదు, ఎవరూ ఇచ్చేది లేదు. కోత అయిపోయిందంటే పరిగె మొదలైనట్టే.

అరుగు కింద నిలబడి ఎలీసమ్మ తలగుడ్డ విప్పి దులిపింది. గింజలు రాలాయి. "పేరయ్యగారూ, యలమంద కంప కొడతన్నాడు. మాకా, గొడ్లకా?" అంది.

పేరయ్య లెక్క చూసుకుంటున్నవాడల్లా తలెత్తాడు. "ఈ ఏడు పరిగె లేదు ఎలీసమ్మా. చెప్పే చేస్తన్నాగా, దొంగతనంగా కాదుగా."

"కంప ముందు కొట్టి తర్వాత చెప్పారు."

"సరే, ఇప్పుడు చెబుతున్నా. కావలిస్తే మీరే కూలికి రండి. ఏరి గోతాల్లో పొయ్యండి. రోజు కూలి ఇస్తా."

"మా పరిగె మేమే ఏరి మీ గోతంలో పొయ్యాలా? బాగుందండీ!" అని ఎలీసమ్మ నవ్వింది. నవ్వులో ఎక్కడా దయ లేదు. "సంవత్సరం కూట్లోకి కారం ఏ కూలితో కొనుక్కోమంటారు? అంగట్లో కొని తినాల్సొస్తే మీ చేలో ఇన్నాళ్లు చేతులు మండించుకున్నది దేనికి?"

"ఎవరన్నారే మీ పరిగె అని? చేను నాది. చెట్టు నాది. చెట్టు మీద కాయ నాది."

"కోతకు ముందు మీది. కోత తర్వాత మాది. మీ నాయన ఉన్నప్పుడూ అంతే, ఆయన నాయన ఉన్నప్పుడూ అంతే."

"వాళ్లనాడు తాలుకు ధర లేదు!"

"అదీ! అట్టా చెప్పండి" అంది ఎలీసమ్మ. తలగుడ్డ మళ్లీ బిగించి కట్టుకుంది. "ధర లేనన్నాళ్లూ ధర్మం, ధర వచ్చిందంటే దొంగతనం. అంతేనాండీ?"

అప్పటిదాకా వసారాలో నిశ్శబ్దంగా కాయలు వేరుచేస్తున్న కోటిరత్నమ్మ లేచి వచ్చింది. మోకాళ్లు పట్టుకుని రెండు మెట్లు దిగి కొడుకు ముందు నిలబడింది.

"పేరయ్యా, ఏ చేలో కొట్టిస్తన్నావు కంప?"

"డొంక పక్క చేలో."

"దాన్నేమంటారు ఊళ్లో?"

ఆ చేను పేరు చిన్నపిల్లవాడినడిగినా చెబుతాడు. రత్నమ్మ చేను. పెళ్లినాడు పసుపుకుంకుమల కింద పుట్టింటివాళ్లు ఆవిడకిచ్చిన నల్లరేగడి. ఆవిడ తండ్రి పీటల మీద కూర్చున్న కూతురి ఒడిలో ఆ చేలో మట్టిగడ్డ ఒకటి పెట్టి ఇచ్చాడు. అట్లా ఇస్తే ఆ పొలం ఆడపిల్లదని పంచాయితీ అక్కర్లేకుండా ఊరంతా ఒప్పుకునేది.

"నా చేను అది. నా చేలో పరిగె ఉంటది. యలమందకు చెప్పి కంప తీయించు" అంది కోటిరత్నమ్మ.

పేరయ్య నెమ్మదిగానే అన్నాడు. నెమ్మదిగా అన్నందుకే ఎక్కువ తగిలింది.

"అమ్మా, చేను నా పేరు మీదుంది. నిరుడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకొచ్చి నువ్వే సంతకం పెట్టావు. వ్యవసాయం చేసేది నేను, అప్పు తెచ్చేది నేను, పాసుపుస్తకం నాది. రత్నమ్మ చేను అనేది పిలుపు. అంతే."

అది కోటిరత్నమ్మకు తెలియంది కాదు. కొడుకు రమ్మన్నాడు, వెళ్లింది. చూపించిన చోట సంతకం పెట్టింది. వచ్చేటప్పుడు వాడే సోడా ఇప్పించాడు. కానీ పిలుపు వేరు, చేను వేరు అని వాడి నోట ఆ పూటే విన్నది. అదీ ఎలీసమ్మ ముందు.

ఎలీసమ్మ ఒక్కసారి ముసలావిడ మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి, చెప్పుల్లేని కాళ్లతో ఎండలోకి నడిచిపోయింది.

*

ఆ మధ్యాహ్నం కోటిరత్నమ్మ అన్నం కెలికి లేచింది. సుశీల మజ్జిగ తెచ్చిస్తే రెండు గుక్కలు తాగింది. "మీ అబ్బాయి కూడా ఏం చేస్తాడత్తయ్యా! పత్తి పోయిన భయం. అన్నీ చూసుకోవాలిగా" అంది కోడలు, అటు మొగుణ్ణీ ఇటు అత్తనూ వదల్లేక.

"భయం వాడికొకడికేనా ఏంది" అంది కోటిరత్నమ్మ. తరువాత మనవరాలిని కేకేసింది. "దివ్యా, పుస్తకం తీసుకురా. ఆ పరిగె సంగతి పూర్తి చెయ్యి."

శ్రీదివ్య పుస్తకం తెచ్చిందిగాని తెరవలేదు. "నాయనమ్మా, ఇప్పుడు వద్దులే."

"ఇప్పుడే కావాలి."

పిల్ల పేజీ తిప్పి కొంచెం చదివింది. మూసింది. చెప్పడానికి ఇబ్బంది పడింది. "ఆ పరిగె మీద అక్కడ కోర్టుకు పోయారు నాయనమ్మా. ఒక రైతు ఒకావిడ మీద వేశాడు. మా చేలో పరిగె ఏరుకుందని. జడ్జీలు విని, పరిగె హక్కు కాదు అన్నారు. రైతు దయతలచి వదిలితే ఏరుకోవచ్చు, వద్దంటే లేదు. భూమి ఎవరిదో దాని మీద ప్రతి గింజా వాళ్లదే."

"ఆవిడ తరఫున ఎవరూ మాట్లాడలేదా?"

"ఒక జడ్జి మాట్లాడాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు."

"ఒక్కడేనా! సరే, తర్వాత ఆవిడ ఏం చేసింది?"

"పుస్తకంలో లేదు."

"మళ్లా ఏడు ఏరుకుందా, మానేసిందా?"

"లేదు నాయనమ్మా, రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

శ్రీదివ్య ఆలోచించింది. గైడులో లేని జవాబు వెతుక్కుంటే పిల్ల మొహం వాళ్ల తాతలాగా అయ్యేది, నుదుటి మీద ఒకే ఒక్క గీత పడేది. "రాసినవాళ్లు ఎవరూ ఆవిడ పక్కన లేరేమో" అంది చివరికి.

వసారా కింద కోళ్లు మిరప గింజలు పొడుస్తున్నాయి. కోటిరత్నమ్మ ఒక తాలుకాయ తీసుకుని తొడిమ తుంచి, విరిచి, గింజ నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోకుండా అట్లాగే ఉంచుకుంది.

"ఆ జడ్జీలు అన్నదీ, మీ నాయన అన్నదీ ఒకటే ముక్క చూశావా" అంది. "ఇంతదూరం ఎట్టా వచ్చిందో!"

"ఒకరి దగ్గర్నుంచి ఒకరికి రానక్కర్లేదు నాయనమ్మా. ధర వచ్చినచోటల్లా అదే మాట పుడుతుందని మా మేడం చెప్పింది."

"మరి అవతలి మాట ఎక్కడ పుడతదట?"

కోటిరత్నమ్మ సమాధానం కోసం ఆగలేదు. లేచి లోపలికి పోయి, దండెం మీంచి ముతక చీర ఒకటి దించింది. వయసులో, కోతలకు తానే దిగే రోజుల్లో కట్టుకున్నది. మడతల దగ్గర రంగు పోయింది. పట్టుకుని లాగి చూసింది. చినగలేదు.

*

తెల్లవారి పొద్దెక్కేసరికి డొంక మీద ఆడవాళ్లు చేరారు. కంప దట్టంగా కొట్టారు. సర్కారు తుమ్మ, ముల్లు వేలంత. చేను చుట్టూ కాదు, డొంక వైపు మాత్రమే, కానీ మనిషి దిగే చోటల్లా కప్పేశారు. యలమంద పంగలకర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు. పాలేరు కదా, నిలబడక తప్పదు.

"ఎలీసమ్మక్కా, నన్ను ఇబ్బంది పెట్టబాక" అన్నాడు.

"నిన్నేం పెట్టంలే. నువ్వు కేకలెయ్యి, మేం వినం. నీ పని నీకు అయిపోద్ది, మా పని మాకు" అంది ఎలీసమ్మ. చంకలో పెట్టుకొచ్చిన గోనెసంచులు విదిలించి, నాలుగు మడతలేసి కంప మీద పరిచింది. పైన కాలు పెట్టి బరువు మోపి చూసింది. ముల్లు పైకి పొడుచుకు రాలేదు. "రండి, ఒక్కొక్కళ్లు. కుచ్చిళ్లు పైకి దోపుకోండి."

"ఒసేయ్, ఆగండే! దిగమాకండి!" అని యలమంద కేకేశాడు. ఆ కేకలో పిలుపే వినబడుతోంది గాని అదిలింపు లేదు. ఆడవాళ్లు నవ్వుకుంటూ దాటారు.

అప్పుడొచ్చింది కోటిరత్నమ్మ. ముతక చీర, తలకు గుడ్డ, నడుముకు బిగించిన కొంగు. వెనకాల శ్రీదివ్య గొడుగు పట్టుకుని వస్తుంటే, "నాకొద్దు, నువ్వే వేసుకో" అంటూ నడుస్తోంది.

"ఏమే ఎలీసమ్మా, చెయ్యిచ్చి దాటించు."

ఎలీసమ్మ కదల్లేదు. "మీరెందుకమ్మగారూ? మాతో మాట్లాడాలంటే అక్కణ్ణించే మాట్లాడండి. వినబడతది."

"మాట్లాడ్డానికి రాలేదు. పరిగెకొచ్చా."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలీసమ్మ నవ్వలేదు. "మీ చేలో మీరు ఏరుకుంటే అది పరిగె ఎట్టా అవుద్దండీ?"

"నా చేను కాదుగా. నిన్న నీ ముందేగా తేలిపోయింది. చేను లేనిదాన్ని. చేను లేనోళ్లకి పరిగె ఉందా లేదా, మీ ముఠాలో?"

ఎలీసమ్మ ముసలావిడను కిందనుంచి పైకి చూసింది. ఎన్నో కోతల్లో గట్టు మీంచి కేకలేసిన ఈ మనిషిని ఆమెకు బాగా తెలుసు. ఒక గోతం తక్కువైతే గొంతెట్లా లేస్తుందో కూడా తెలుసు. "ఇది మా మీద దయా, మీ అబ్బాయి మీద కోపమా?" అంది.

"రెండూ కాదే. నా సంవత్సరం కారం నేను ఏరుకుందామని."

ఎలీసమ్మ ముందుకొచ్చి చెయ్యి చాచింది. కోతల్లో కాయలు తుంచి తుంచి మండిపోయి, తోలు దళసరెక్కిన చెయ్యి. కోటిరత్నమ్మ పట్టుకుంది. గోనెపట్టా మీద ఒక కాలు, రెండో కాలు. రెండో కాలు దించేటప్పుడు ముల్లు మడమలో దిగింది. "అమ్మా" అనలేదు. వంగి పీకి పక్కన పడేసింది.

"ఇంక సాలు చెప్పు. చివరి సాలా?" అంది. పరిగెలో చివరి సాళ్లలో కాయ ఉండదని ఆవిడకు తెలుసు. చివరొచ్చినవాళ్లకు అదే ఇస్తారనుకుంది.

"కాదు. మొదటి సాలు మీది" అంది ఎలీసమ్మ.

"నాకెందుకే మొదటిది? ఆ పెద్దరికాలు వద్దు."

"పెద్దరికానికి కాదమ్మగారూ. మా పరిగెలో మొగుడు పోయినోళ్లకి మొదటి సాలు. తర్వాత చంటిపిల్లల తల్లులకి. ఆ తర్వాత మిగతావాళ్లం. మీ కోసం ఆ వరస మార్చం, మీ మొహం చూసి ఇవ్వం. రండి."

ఇన్నేళ్లు గట్టు మీద నిలబడి చూసినా చేలో ఈ వరస ఉందని కోటిరత్నమ్మకు తెలియదు. ఎవరు ఎక్కడ వంగుతున్నారో చూసింది గాని, ఎందుకు అక్కడ వంగుతున్నారో చూడలేదు. చూపించిన సాల్లోకి దిగి నడుం వంచింది.

మొదటి సాల్లో కాయ బాగానే ఉంది. ఎండిన కొమ్మల అడుగున, వేలు పెడితేనే దొరికే చోట, ముడుచుకుని ఉంది. మట్టిలో సగం దిగిపోయి కొస మాత్రం కనబడేవి కొన్ని. కోటిరత్నమ్మ ఎడమ చేత్తో కొమ్మ ఎత్తి కుడి చేత్తో కోసి ఒడిలో వేస్తోంది. కాసేపటికే నడుం విరిగిపోయింది. ఊపిరి ఎగదన్నింది. పక్క సాళ్లలో ఎవరూ పాడటం లేదు. ఆ మాట మనవరాలికి చెబుదామని తల తిప్పింది. శ్రీదివ్య గొడుగు కింద గట్టు మీదే ఉంది.

"దివ్యా! దిగుతావా, అక్కడే నిలబడతావా?"

పిల్ల మొహం ఎర్రబడింది. గొడుగు మూసి, చెప్పులు గట్టు మీద వదిలి, గోనెపట్టా మీంచి దాటింది. ఎలీసమ్మ నడుం నిటారు చేసి చూసింది. "పెళ్లికానోళ్లకి చివరి సాలు అమ్మాయిగారూ. ఎండగా ఉంటది. కాయ కూడా ఉండదు" అంది, ఆమె గొంతులో మొదటిసారి కొంచెం నవ్వు తొంగిచూసింది.

"ఫర్వాలేదు" అంది శ్రీదివ్య.

ఎండ మాడ్చే వేళకు డొంక మీద దుమ్ము లేచింది. పేరయ్య బండి ఆపి దిగాడు. యలమంద ఎదురెళ్లాడు. "కేకలేశానండీ. ఎంతగానో కేకలేశాను."

పేరయ్య అతని మాట వినలేదు. కంప దగ్గరకొచ్చి చేలోకి చూశాడు. వరసగా వంగిన వీపులు. మొదటి వీపు వాళ్లమ్మది. చివరిది వాడి కూతురిది.

"అమ్మా! ఏంది ఈ పని? ఊరంతా చూస్తోంది."

"చూడనీరా. చూడబట్టే ఏదైనా తెలిసేది."

"పైకి రా. ఎండదెబ్బ తగులుద్ది. దివ్యా, నీకన్నా బుద్ధుందా, పరీక్షలు పెట్టుకుని!"

శ్రీదివ్య తల ఎత్తలేదు. కోటిరత్నమ్మ ఒడి పట్టుకుని సాల్లో నిలబడింది. "నేను పైకి రావాలంటే నువ్వో సంగతి తేల్చాలిరా పేరయ్యా. ఈ చేను నాదా, నీదా?"

"నీదేనమ్మా. కాదని ఎవరన్నారు?"

"నువ్వే. అరుగు మీద."

"ఏదో కోపంలో..."

"కోపంలో అన్నా కాగితం నీ పేరునే ఉందిగా. ఇదిగో విను. చేను నాదైతే ఆ కంప తీయించు. నీదైతే, పరిగెకు దిగిన వాళ్లందర్నీ వెళ్లగొట్టు. వెళ్లగొట్టేటప్పుడు వరసలో రా. మొదటి సాలు నాది."

ఎలీసమ్మ, మిగతా ఆడవాళ్లు నడుములు ఎత్తకుండానే చేతులు ఆపారు. పేరయ్య కంప వైపు చూశాడు, తల్లి మడమ మీద ఎండిన రక్తపు చారను చూశాడు. ఒక చెయ్యి పైకెత్తి, ఎందుకెత్తాడో తనకే తెలియనట్టు తల రుద్దుకుని దించాడు.

"నాకు మాత్రం సరదానా అమ్మా!" అన్నాడు.

"సరదా అని నేననలేదురా. ఎవరికీ సరదా లేదు ఇక్కడ" అంది కోటిరత్నమ్మ, మళ్లీ వంగుతూ.

పేరయ్య బండి తీసుకుని వెళ్లిపోయాడు. తీయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. యలమంద దుమ్ము అణిగేదాకా చూశాడు. తరువాత పంగలకర్ర కంపలో గుచ్చి, మనిషి దూరేంత మేర పక్కకు ఈడ్చాడు.

"అయ్య చెప్పాడా?" అంది ఎలీసమ్మ.

"వద్దనలేదుగా" అన్నాడు యలమంద.

పొద్దు వాలేవేళ ఒడులు దించుకున్నారు. కోటిరత్నమ్మ ఒడిలో అందరికన్నా తక్కువ ఉంది. ఎలీసమ్మ చూసింది గాని తనవి తీసి కలపలేదు. కోటిరత్నమ్మ కూడా అడగలేదు. డొంక ఎక్కుతూ, "థాంక్సని చెప్పవేమే నాకు?" అంది ముసలావిడ, సగం హాస్యానికి, సగం నిజంగానే.

"దేనికండీ?" అంది ఎలీసమ్మ ఆశ్చర్యంగా. "కంప మేమే దాటాం. సాలు మేమే ఇచ్చాం. మీరొచ్చారు, ఏరుకున్నారు. రేపు కూడా వస్తే రండి. ఆలస్యమైతే మాత్రం మీ సాలు ఆపం."

కోటిరత్నమ్మకు ఆ మాట ఇంటిదాకా చెవిలో మోగింది. మొదట కొంచెం గుచ్చుకుంది. రామాలయం మలుపు తిరిగేసరికి నవ్వొచ్చింది. ఇంటి గుమ్మం చేరేసరికి ఆ మాట సబబేననిపించింది.

*

మర్నాడు కూడా ముసలావిడ వేళకే పోయింది. ఆ మర్నాడూ పోయింది. పక్క ఊరి కూలివాళ్లను పిలిపిస్తానన్న మాట పేరయ్య మళ్లీ ఎత్తలేదు. తల్లితో అవసరమైనంతే మాట్లాడాడు. ఆవిడా అంతే. అన్నం దగ్గర మాత్రం ఎప్పటిలా గరిటె ఒకసారి ఎక్కువే వడ్డించింది.

పరిగె ముగిసిన రోజు సాయంత్రం, వాకిట్లో పెద్ద రాసి పక్కన కోటిరత్నమ్మ పాత దుప్పటి పరిచి తన కాయలు పోసింది. తెల్లవి, మచ్చలవి, మట్టివి, అక్కడక్కడ ఎర్రవి. పెద్ద రాసి ముందు అవి పిడికెడన్నట్టున్నాయి. సుశీల చీపురుతో వాకిలి ఊడుస్తూ వచ్చింది.

"అత్తయ్యా, ఇవి అటు కలిపెయ్యనా? దారికి అడ్డంగా ఉన్నాయి."

"కలపమాక. అవి మీయి. ఇవి నాయి."

సుశీల దుప్పటి చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది.

శ్రీదివ్య పుస్తకం పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వేళ్లు ఇంకా మండుతున్నట్టున్నాయి, వెన్న రాసుకుంది. "ఇక తర్వాతి కాలం చెప్పనా? మిల్లులు, పట్నాలు. ఆడవాళ్లు మగ్గాల దగ్గర."

"చెప్పు. కానీ ముందు ఆ పరిగె సంగతి పరీక్షలో వస్తే ఏం రాస్తావో చెప్పు."

"పాడుకుంటూ ఏరేవారని మాత్రం రాయను."

"మార్కులు పోతాయేమో!"

"పోతే పోతాయి."

కోటిరత్నమ్మ తృప్తిగా తల ఊపి కాయలు తిరగేస్తోంది. అప్పుడే పేరయ్య మిర్చి యార్డు నుంచి వచ్చాడు. బండి బయట పెట్టి లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. దుప్పటి సరిగ్గా అరుగుకు పోయే దారిలో ఉంది. తల్లి తల ఎత్తలేదు. కూతురు పేజీలోంచి చూపు తియ్యలేదు. వాడు ఒక క్షణం ఆ చిన్న రాసిని చూశాడు. కావాలంటే కాలితో దుప్పటి అంచు తోసి పోవచ్చు. వాడి వాకిలి. వాడి అరుగు.

పేరయ్య చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, గోడవారగా పక్కకు నడిచి, ఒక్క కాయ కూడా తొక్కకుండా దుప్పటి చుట్టూ తిరిగి అరుగెక్కాడు.

కోటిరత్నమ్మ చూడనట్టే ఉండి, కాయల్ని అరచేత్తో ఇంకొంచెం వెడల్పుగా పరిచింది.